పాట వెనక మాట

పోయిన వారం మసరత్‌ను చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, కదలకుండా కూర్చున్న చోట వదిలిపెట్టాం. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగు రోడ్డు మీద, తండ్రి చాంద్ బాషా ఒకప్పుడు క్యాసెట్లు అమ్మిన కొట్టులోనే ఆమె ఇప్పుడు ఫోన్లకు గ్లాసులు అతికిస్తూ, మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కిస్తూ బతుకుతోంది. అదే ఊళ్లో ఒక నర్సింగ్‌హోములో పనిచేసే కుసుమ ఆమెకొక పని అప్పజెప్పింది. కుసుమ తల్లి పోలమ్మ పోయి ఏడాది దాటింది. బతికున్న రోజుల్లో భార్గవి అనే కాలేజీ లెక్చరరు చక్రాయపేట పక్కన వాళ్ల పల్లెకు వెళ్లి, గొర్రెల కాపరుల పాటల కోసమని పోలమ్మ చేత పాడించి రికార్డు చేసుకుంది. ఆ అసలు రికార్డింగులను కుసుమ సంపాదించి తెచ్చింది. గుండీలున్న ఒక చిన్న ప్లేయర్‌లోకి వాటిని ఎక్కించమంది. ప్లేయర్ తన కోసం కాదు. మందతో పాటు పొలాల్లో తిరిగే తండ్రి ఓబులేసు కోసం. ఆ తండ్రితో ఆమెకు ఏడాదిగా మాటల్లేవు.

అంతవరకూ మామూలు పనే. పాట సగంలో ఉండగా, దాని వెనక ఎక్కడో దూరంగా ఒక మగమనిషి ఫోన్లో మాట్లాడుతున్న చప్పుడు మసరత్ చెవిన పడింది.

ఆమె ఆ ముక్కను వెనక్కి లాగి మళ్లీ విన్నది. ముందు పోలమ్మ గొంతు. ‘కొండెక్కి పోయేటి కోడె మబ్బా, మావోని గొంగడి తడపమాకు’ అని నిదానంగా, ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టు పాడుతోంది. ఆ గొంతు వెనక గొర్రెల అరుపులు. వాటికీ అవతల ఆ మగ గొంతు.

“ఆ సార్… రిపోర్టులు నాకాడనే ఉండాయి… లే సార్, మా బావకు తెల్దు. మా అక్కకు తెలుసు. ఆయమ్మే ఎవురికీ చెప్పొద్దంటాంది… ఇంగ ఎన్నాళ్లు సార్?… పెద్దాసుపత్రికి రానంటాంది సార్. తెలిస్తే మా బావ మంద అమ్మేస్తాడంట…”

ఆ తర్వాత మాటలు అందలేదు. పోలమ్మ మాత్రం పాడుతూనే ఉంది. ఎక్కడా తొణకలేదు.

మసరత్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. రంజాన్ నెల. తెల్లవారుజామున ఇంత అన్నం తిని మొదలుపెట్టిన రోజు ఎంతకీ కదలడం లేదు. తల దిమ్ముగా ఉంది. నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది. ఈ పని ఎందుకు ఒప్పుకున్నానా అనిపించింది.

ఈ పాట కుసుమ ఫోన్లో ముందునుంచీ ఉంది. అప్పట్లో భార్గవి వాట్సాప్‌లో పంపిన కాపీ. అందులో ఈ మాటలు వినపడవు. ఏదో గొణుగుడు, గాలి చప్పుడు, అంతే. అదెందుకో మసరత్‌కు తెలుసు. పాటను చిన్న ఫైలుగా కుదించేటప్పుడు పైకి వినిపించే గొంతు మిగులుతుంది. దాని మాటున ఉన్న చిన్న చప్పుళ్లు మనిషి చెవికి ఎలాగూ పట్టవులే అన్న లెక్కతో కొట్టుకుపోతాయి. ఎంత చిన్నగా కుదిస్తే అంత ఎక్కువగా పోతాయి. భార్గవి రికార్డరులోది కుదించని ఫైలు. అందులోంచి ఏదీ పోలేదు.

తల్లి జబ్బు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదనే కుసుమ చెప్పింది. ఒకరోజు ఉన్నట్టుండి పడిపోయిందట. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. ఓబులేసు అప్పుడు పెద్దముడియం పొలాల్లో మందతో ఉన్నాడు. పెళ్లాం చిక్కి సగమైపోతున్నా కళ్లెత్తి చూడకుండా గొర్రెల వెంట పోయాడనీ, ఆయన ఇంటి దగ్గర ఉండి ఉంటే అమ్మ బతికేదనీ కుసుమ శవం దగ్గరే, అందరి ముందూ అన్నది. ఓబులేసు ఒక్క మాట మాట్లాడలేదు. అదే వాళ్లిద్దరి మధ్య ఆఖరి మాట.

ఆ మగ గొంతు ఎవరిదో వెతుక్కోవాల్సిన పని మసరత్‌కు లేకపోయింది. మధ్యాహ్నం నమాజు చదువుకుని వచ్చేసరికి కొట్టు మెట్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఎండకు వాడిపోయిన ముఖం, భుజాన తువ్వాలు, దుమ్ము పట్టిన కాళ్లు.

“అమ్మా, నేను రామాంజులును. కుసుమకు మేనమామను. పాటల మిషనుకని కుసుమ చెప్పింటే వచ్చినా. తీసకపోయి మా బావకు ఇయ్యాల.”

మొదటి మాటకే ఆమె గుర్తుపట్టింది. ఇందాకటి నుంచి చెవుల్లో తిరుగుతున్న గొంతే అది.

“ఇంకా కాలేదప్పా. లోపలికి రా. కూచో,” అంది.

ఫ్యాను కింద కుర్చీ చూపించింది. ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో తోచక, ఆ హెడ్‌ఫోన్ ఆయన చేతికే ఇచ్చింది. “ముందు నువ్వొగసారి ఇను.”

రామాంజులు దాన్ని తలపాగా చుట్టుకున్నంత జాగ్రత్తగా పెట్టుకున్నాడు. అక్క గొంతు వినపడగానే పెదవులు కదిలాయి. తనూ ఆ పాటను లోలోపల అంటున్నాడు. కాసేపటికి పెదవులు ఆగిపోయాయి. మసరత్ ముఖంలోకి చూడకుండా నేలకేసి చూస్తూ విన్నాడు. పాట అయిపోయాక కూడా దాన్ని తీయలేదు. ఆమే తీసుకుంది.

“నేనే అది,” అన్నాడు.

“గుర్తుపట్టినా.”

“అంత దూరం నుంచి యెట్ల పడిందమ్మా? నేను దొడ్డి గోడ అవతల ఉంటి గదా.”

“మంచి రికార్డరు అది. చిటుక్కుమన్నా పడతాది.”

“కుసుమ ఇన్న్యాదా?”

“లేదు. ఇంకా ఎవరూ ఇనలేదు. నేనొక్కదాన్నే.”

రామాంజులు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “అయితే తీసెయ్యి తల్లీ. అక్క పాట ఉండనీ. నా మాట తీసెయ్యి.”

“నీ మాట పాట లోపలే ఉండాదప్పా. అది వేరే, ఇది వేరే అని కోసి తీసేదానికి కాదు. తీస్తే పాట గూడా తెగిపోతాది.”

“మరేం దారీ లేదా?”

ఉంది. అదే ఆమె నోట రావడం లేదు. ఇందాకటి నుంచి కంప్యూటరు తెర మీద ఆ దారి తెరిచే ఉంది. ఎంపీత్రీగా మార్చేటప్పుడు ఏ నాణ్యత కావాలో ఎంచుకోమని అడిగే చిన్న కిటికీ అది. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేక తెర ఆయన వైపు తిప్పింది.

“ఇది సూడు. పైది అసలుది. శానా పెద్దది, కార్డులో శానా చోటు తింటాది. దాని కింద మూడునూర్ల ఇరవై. అంకె తగ్గేకొద్దీ ఫైలు చిన్నదవుతాది. దీంట్లో గూడా నీ మాట బాగనే తెలుస్తాది. ఇది నూటిరవై ఎనిమిది. చెవి పెట్టి ఇంటే తెలుస్తాది. ఈ అడుగున ఉండేది అరవై నాలుగు. దీంట్లో నీ మాట మసకబారిపోతాది. ఎవురో ఏందో అనుకున్నట్టుంటాది, అంతే.”

“ఆ అడుగుదే పెట్టు,” అన్నాడు రామాంజులు వెంటనే. ఆమె ఏమంటుందోనని మళ్లీ తనే అందుకున్నాడు. “చిన్నదైతే చార్జింగు గూడా శానా సేపు వస్తాదంట గదా. మేముండే కాడ కరెంటు యాడుండాది? ఊర్లోకి పోయి ఎవురింట్లోనో పెట్టించుకోవాల. పాటలు గూడా అన్నీ పడతాయి. మా బావకు ఒగ చెవి ఎట్లా ఇనపడదు. ఆయప్పకు ఏ పాటైనా ఒగటే తల్లీ.”

ఆయన అన్నవన్నీ నిజాలే. కుసుమ పని అప్పజెప్పిన రోజు మసరత్ కూడా సరిగ్గా అదే అనుకుంది. పొలంలో పడుకునే ముసలాయన, ఒంటి చెవి, చిన్న కార్డు, చార్జింగు దొరకని చోటు. అలాంటి వాళ్లకు అడుగు సెట్టింగు పెట్టి ఇచ్చేయడం ఆమెకు అలవాటే. ఎవరూ తిరిగొచ్చి బాగాలేదనలేదు. ఇప్పుడూ అదే చేయొచ్చు. ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. ఇంటికి పోయి కాసేపు నడుం వాల్చవచ్చు.

కానీ చెయ్యి ముందుకు పోలేదు. తండ్రి చివరి రోజులు గుర్తొచ్చాయి. చాంద్ బాషాకు వచ్చిన జబ్బు పేరు ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. మంచం దగ్గరికి ఎవరు వెళ్లినా వాళ్ల ముఖంలోకి చూసేవాడు. అడగాలని ఉండీ అడగని చూపు. ఆ చూపు తప్పించుకోవడానికి ఆమె మందు సీసాలు సర్దుతూ ఉండేది.

“ఎందుకు దాచినావప్పా?” అని అడిగింది. కోపంగా కాదు. అంత శక్తి లేదు.

“నేను దాచలేదు తల్లీ. అక్క దాచమనింది. జమ్మలమడుగులో డాక్టరు చెప్పిన దినం, బస్టాండులో నా చెయ్యి తీసి తన తలకాయ మీద పెట్టుకునింది. ‘మీ బావకు తెలిస్తే మంద మొత్తం అమ్ముతాడు. అమ్మినా నేను బతకను. ఆ తర్వాత ఆయప్ప దేన్ని పట్టుకుని బతుకుతాడురా’ అనింది. నేనేం చేతును? సరే అంటి.”

“సచ్చిపోయినాక చెప్పొచ్చు గదా.”

“ఏమని చెప్పేది?” రామాంజులు గొంతు ఇంకా తగ్గింది. “నేనూ మా బావా ఒగే కొట్టంలో పండుకుంటాం. ఒగే కుండలో తింటాం. రాత్రిళ్లు ఆయప్ప లేచి కూచుంటాడు. ‘నేను సూసుకోల్యా రామాంజులూ, నేను దాన్ని సూసుకోల్యా’ అంటాంటాడు. నేను కండ్లు మూసుకుని నిద్రపోయినట్టు ఉంటా. ఏడాదైపాయ ఇట్ల. ఇప్పుడు తెలిస్తే నన్ను ఆ కొట్టంలో ఉండనిస్తాడా? నాకు వేరే యాడుండాది తల్లీ?”

మసరత్‌కు ఇంక వాదించాలనిపించలేదు. ఆ మనిషి అలసట ముందు తన అలసట చిన్నదిగా కనబడింది. మౌస్ పట్టుకుని అడుగు సెట్టింగు ఎంచుకుంది. ఒంటి చెవికి అందేలా రెండు పక్కల శబ్దాన్నీ ఒకటిగా కలిపింది. పని నిమిషంలో ముగిసింది. ఆ ఫైలును ప్లేయర్‌లోకి ఎక్కించి, ఇయర్‌ఫోను ఆయనకిచ్చింది.

“ఇదిగో. సరిపోయిందేమో సూసుకో.”

రామాంజులు విన్నాడు. తన మాట వచ్చే చోట ఊపిరి బిగబట్టాడు. అక్కడ ఏమీ లేదు. గొణుగుడు, గాలి. ఆయన భుజాలు దిగాయి. తృప్తిపడ్డాడనే అనుకుంది మసరత్. కానీ ఆయన ముఖం క్రమంగా ముడుచుకుపోయింది. మళ్లీ మొదటినుంచి పెట్టమన్నాడు. మళ్లీ విన్నాడు.

“ఇది మా అక్కేనా?”

“మీ అక్కే. అదే పాట.”

“తొట్టిలో తలకాయ పెట్టి పాడినట్టుండాదే. మా అక్క ముక్కముక్కకూ నడుమ ఊపిరి పీల్చుకుంటాది. అది లేదు. ‘మబ్బా’ అనేకాడ గొంతు రవ్వంత గీరుకుంటాది. అది గూడా లేదు.”

“నీ మాటతో పాటు అవీ పోయినాయప్పా. నీదొక్కటే తీసెయ్యమంటే దానికి తెల్దు.”

ఆయన ప్లేయర్‌ను అరచేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఫ్యాను కిర్రుమంటోంది. ఎవరో ఆడమనిషి వచ్చి ఫోనుకు కవరుందా అని అడిగితే మసరత్ లేదని పంపేసింది. ఎదురుగా రెండు కవర్లు వేలాడుతున్నాయన్న సంగతి కూడా ఆమెకు తట్టలేదు.

“అసలుది ఇంగొగసారి పెట్టు తల్లీ,” అన్నాడు చివరకు.

పెట్టింది. ఈసారి ఆయన తన మాట కోసం వినలేదు. అక్క ఊపిరి పీల్చిన ప్రతిచోటా తల కొంచెం ఎత్తాడు. పాట అయ్యేసరికి కళ్ల నుంచి నీళ్లు కారి గడ్డంలో ఇంకిపోతున్నాయి. తుడుచుకోలేదు.

“కుసుమకు ఫోన్ చెయ్యమ్మా. నేనే చెప్తా.”

కుసుమ డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చింది. మేనమామ ముఖం చూడగానే ఏదో జరిగిందని పసిగట్టింది. రామాంజులు చెప్పబోయాడు. అంతలోనే హెడ్‌ఫోన్ వైపు చెయ్యి చూపాడు. మసరత్ హెడ్‌ఫోన్ ఇచ్చి, “కూచోని ఇను మే,” అంది.

కుసుమ నిలబడే విన్నది. చేతులు రెండూ చెవుల మీద గట్టిగా అదుముకుని విన్నది. పాట ముగిశాక హెడ్‌ఫోన్ తీసి, దాని తీగను నిదానంగా చుట్టి, బల్ల మీద పెట్టింది.

“నేను నాయనను అన్నన్ని మాటలంటాంటే నువ్వు పక్కనే ఉంటివి గదా మామా,” అంది.

“ఉంటి.”

“గమ్మునుంటివే.”

“మీయమ్మ తలకాయ మీద చెయ్యి పెట్టించుకునింది పాపా.”

“అమ్మ పోయినాక ఆ ఒట్టు ఎవురికి మామా?”

కుసుమ అరుస్తుందని మసరత్ ఎదురుచూసింది. అరవలేదు. మెట్ల మీద కూలబడి మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

“రోజూ రోగులను సూస్తాంటా అక్కా. రవ్వంత సన్నబడినా ఎందుకని అడుగుతా. ఇంట్లో మాయమ్మను సూడలేకపోతి. ఆ తప్పు నాదని ఒప్పుకోల్యాక నాయన మీద తోసినా. ఆయప్పకు ఏమీ తెల్దు. తెలియనోణ్ణి పట్టుకుని సంపినావంటి.” తల ఎత్తింది. “ఈ దినమే పోదాం. ఇప్పుడే. ఆ పెద్ద ఫైలే పెట్టక్కా. ఉన్నవి ఉన్నట్టు. పడినన్ని పాటలు పడనీ. చార్జింగు అయిపోతే నేనొచ్చి పెట్టిస్తా.”

మసరత్ అలాగే ఎక్కించింది. కొన్ని పాటలు పట్టలేదు. తీసి పక్కన పెట్టింది.

“నువ్వు గూడా రా అక్కా. ఏడాదైంది ఆయప్పతో మాట్లాడి. ఒగదాన్నే పోలేను,” అంది కుసుమ.

రానని చెప్పడానికి మసరత్‌కు కావలసినన్ని కారణాలున్నాయి. ఒక్కటీ చెప్పలేదు. షట్టరు దించింది.

జమ్మలమడుగు దాకా బస్సు. సీట్లు దొరకలేదు. కుసుమ కమ్మీ పట్టుకుని నిలబడి, కిటికీలోంచి పెన్న ఇసుకను చూస్తూ వచ్చింది. రామాంజులు వెనక మెట్ల దగ్గర ఉండిపోయాడు. జమ్మలమడుగులో ఆటో పట్టుకుని పెద్దముడియం దారి పట్టారు. శనగ కోతలు అయిపోయి నల్లరేగడి పొలాలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. దూరంగా ఒక పొలంలో వల కట్టి, అందులో మంద. ఎరువు కోసం ఆ పొలం రైతు మందను పిలిపించుకున్నాడు. అలా పొలం నుంచి పొలానికి మారుతూ ఎండాకాలం గడుపుతారు వీళ్లు.

ఓబులేసు వల గుంజలు సరిచేస్తున్నాడు. ఎత్తైన మనిషి, కొంచెం వంగాడు. కుడిచెవి వినపడదు కాబట్టి ఆటో చప్పుడుకు ఎడమ చెవి అటు పెట్టి, తల తిప్పి చూశాడు. కూతుర్ని చూసి చేతిలోని గుంజ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

“ఎండన పడి వస్తివా,” అన్నాడు. ఏడాది తర్వాత మొదటి మాట అది.

“వస్తి,” అంది కుసుమ.

మసరత్ ముందుకు వచ్చి తానెవరో చెప్పింది. ప్లేయర్ తీసి చూపించింది. ఇది నొక్కితే పాట, ఇది నొక్కితే ఆగుతుంది, ఇది శబ్దం పెంచేది. ఓబులేసు వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. ఒక్కో గుండీని తడిమి గుర్తుపెట్టుకున్నాడు. అంతలో పొద్దు కుంగింది. ఆయన ప్లేయర్ పక్కన పెట్టి, కొట్టంలోకి పోయి చెంబుతో నీళ్లు, గుప్పెడు శనగలు తెచ్చాడు.

“ఒక్కపొద్దుంటివి గదమ్మా. ముందు గొంతు తడుపుకో.”

ఆమె చెప్పలేదు. ఆ ఎండిన పెదవులు చూసి ఆయనే తెలుసుకున్నాడు. మసరత్ దువా చేసుకుని నీళ్లు తాగింది. పొద్దుటి నుంచి పట్టి ఉన్న తలనొప్పి కాస్త సడలింది.

“నాయనా,” అంది కుసుమ. “ఆ మొదటి పాట పెట్టుకో. అమ్మ గొంతు వెనక ఒగ మాట ఉండాది. ఇను. ఇన్నాక నన్ను ఏమన్నా అను. పడతా.”

రామాంజులు దూరంగా, వల అంచున నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు.

ఓబులేసు ఇయర్‌ఫోను ఎడమ చెవిలో పెట్టుకున్నాడు. గుండీ నొక్కాడు. ముఖంలో ఒక్కసారిగా వెలుతురు వచ్చింది. పక్కన కూర్చున్న వాళ్లెవరూ కనబడనట్టు ఎటో చూస్తూ విన్నాడు. పాట మొదలైన ఎంతసేపటికి రామాంజులు మాట వస్తుందో మసరత్‌కు ఇప్పుడు కంఠతా వచ్చు. ఆ చోటు వచ్చింది. ఆయన ముఖం మారుతుందని చూసింది. మారలేదు. పాట చివరిదాకా అలాగే విని, ఇయర్‌ఫోను తీశాడు.

“బావా…” అంటూ రామాంజులు రెండడుగులు వేశాడు.

“ఉండప్పా.” ఓబులేసు ఇయర్‌ఫోనును కూతురి చేతికిచ్చాడు. “మళ్ల పెట్టుకో. మీ మామ మాట అయిపోయినాక తీసెయ్యాకు. ఆడ ఏముండాదో ఇని చెప్పు.”

కుసుమ పెట్టుకుంది. కాసేపటికి నుదురు ముడిపడింది. “ఏం లేదు నాయనా. ఎవురో నాలికతో చప్పుడు చేస్తాండారు. గొర్రెను అదిలించినట్టు.”

మసరత్ తనూ విన్నది. నిజమే. ట్చ్ ట్చ్ అని మెల్లగా ఒక చప్పుడు. అన్నిసార్లు విని కూడా, అది పశువుల అలికిడిలో ఒక ముక్క అనుకుని వదిలేసింది.

“అదిలించింది నేను,” అన్నాడు ఓబులేసు. “కుంటిపిల్ల ఒగటి గోడవార ఇరుక్కునింటే తీస్తాన్న్యా. గోడకు ఆ పక్క మీ మామ. ఈ పక్క నేను.”

మంద మధ్యలో ఒక గొర్రె దగ్గింది. రామాంజులు నిలబడ్డ చోటే నేల మీద చతికిలబడ్డాడు.

“అంటే నీకు…” అంది కుసుమ.

“తెలుసు.”

“తెలిసీ యెట్ల పోతివి నాయనా?”

“పోకుంటే నాకు తెలిసిందని మీయమ్మకు తెలిసిపోతాది.” ఓబులేసు గొంతులో ఏ ఉద్వేగమూ లేదు. చాలాసార్లు తనకు తాను చెప్పుకుని అరిగిపోయిన మాటలవి. “ఏటేటా పోయేటోడు ఆ ఏడు ఎందుకు పోల్యా అనుకుంటాది గదా. నాకు తెలియకూడదని ఆయమ్మ ఎంత తంటాలు పడేదో నేను సూస్తానే ఉంటి. నొప్పొస్తే పాట ఎత్తుకునేది. నేను పాట ఇన్నట్టే ఉంటి. నువ్వన్న మాటల్లో తప్పేం లేదు పాపా. నేను సూసుకోల్యా. తెలిసి తెలిసి సూసుకోల్యా.”

దారి పొడుగునా కుసుమ మనసులో ఒక మాట సిద్ధం చేసుకుంది. నీకు తెలియదు నాయనా, నీ తప్పు లేదు, నన్ను క్షమించు. ఆ మాట ఇప్పుడు ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. మామ మీద కోపం రాలేదు. తండ్రి మీదా రాలేదు. ముగ్గురు మనుషులు ఒకరికొకరు తెలియనట్టు నటిస్తూ ఒకే ఇంట్లో తిరిగారు. నాలుగో మనిషి తనొక్కతే నిజంగా ఏమీ తెలియకుండా ఉండిపోయింది. లేచి బట్టలు దులుపుకుంది.

“పోదాం అక్కా. ఆటో వెళ్లిపోతాది,” అంది మసరత్‌తో.

మసరత్ లేవలేదు. కుసుమ ఆగకుండా నెర్రెల మీద అడుగులేస్తూ రోడ్డు వైపు నడిచింది. ఓబులేసు ఆమెను వెనక్కి పిలవలేదు. ప్లేయర్ తీగను వేళ్లకు చుట్టుకుంటూ, తనలో తాను అన్నట్టే, కానీ ఆమెకు వినపడేంత గట్టిగా అన్నాడు.

“నాకు తెలిసిన సంగతి మీయమ్మకు తెల్దనుకుంటి నేను. మందతో బయల్దేరే దినం పొద్దున్నే సద్ది కట్టిస్తా నా ముఖం సూసింది. ‘నీకు తెలుసులే’ అనింది. నేను తల దించుకుంటి. అప్పుడు ఒగ మాట చెప్పింది పాపా. నీకు చెప్పమనింది. నీ గురించిన మాట. ఏడాదిగా దాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతాండా.”

కుసుమ నడక ఆగింది. వెనక్కి మాత్రం తిరగలేదు.